పాత గృహములు – దాగిన విలువ : ఒక పరిశీలన

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. మనుష్యుని ధనము, ఓర్పు, వివేకము ఈ రెండు కార్యములందును పరీక్షకు వచ్చునని దాని భావము. ఒకరు కట్టిన ఇంటిని కొని, బాగుచేసి, తిరిగి మరియొకరికి విక్రయించు వ్యవహారమును గూర్చి మాత్రము సామెత యేదియు వినబడదు. అయినను హైదరాబాదు పాతబస్తీవంటి ప్రాచీన నివాసస్థలములందు ఈ పనిని వృత్తిగా చేపట్టువారు కలరు. దీనియందు లాభపడినవారును కలరు; ఇల్లు కొని, సంవత్సరముల తరబడి న్యాయస్థానముల చుట్టు తిరిగినవారును కలరు.

ఈ విషయము మన కళాశాల విద్యార్థులకు తగినదా యని కొందరు సంశయింపవచ్చును. తగినదే యని మా అభిప్రాయము. వాణిజ్యశాస్త్ర విద్యార్థికి ఇందు లెక్క యున్నది. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి సున్నము, ఇనుము, నీరు ఉన్నవి. న్యాయశాస్త్రము చదువగోరువారికి దస్తావేజు లున్నవి. ఉర్దూ, తెలుగు భాషలు రెండును నేర్చినవారికి ఇతరులకు లేని యొక యోగ్యత యున్నది. దానిని ముందు వివరింతుము.

1. ధర వేరు, విలువ వేరు

ఒక దినమున కొనువాడు ఇచ్చి, అమ్మువాడు పుచ్చుకొను మొత్తమును ధర యందుము. ఆ ఇల్లు నివసించువారికి ఇచ్చు నీడ, భద్రత, వెలుతురు, అద్దె, నిశ్చింత – వీటి నన్నింటిని కలిపి విలువ యందుము. ధర విలువకంటె తక్కువగా నున్నచోట "దాగిన విలువ" కలదని వ్యాపారులు చెప్పుదురు. అది ఎందుచేత దాగినది అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

విలువ దాగుటకు మూడు కారణములు కనబడుచున్నవి. మొదటిది – కన్ను దానిని గుర్తింపకపోవుట. నల్లబడిన రంగు క్రింద మంచి టేకు ఉండవచ్చును. రెండవది – విలువ కలిగియు అడ్డగింపబడి యుండుట. మూసివేసిన ముంగిలి, ముగియని వాటాల తగవు ఇట్టివి. మూడవది – ఇతరులకు చెందవలసిన భాగమును లెక్కలో చేర్చకపోవుటచే ధర తగ్గినట్లు కనబడుట. మొదటిదానిని జ్ఞానముచేతను, రెండవదానిని శ్రమచేతను వెలికి తీయవచ్చును. మూడవది విలువయే కాదు. అది తీర్చవలసిన ఋణము. ఈ మూడింటిని వేరుచేసి చూడగలుగుటయే ఈ వృత్తియందలి విద్య యంతయు.

2. గోడలు చెప్పు సంగతి

హైదరాబాదునందలి పాత ఇండ్లు పెక్కింటి గోడలు రాతితోనో, ఇటుకతోనో, గానుగ సున్నముతో కట్టబడినవి. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియందు కాల్చి, నీటితో విరిపి, ఇసుకతో చేర్చి గానుగలో నూరెడివారు. పూతకు కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపుట వాడుక. ఈ సున్నము గాలియందలి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, క్రమక్రమముగా తిరిగి రాయివలె గట్టిపడును. 1591లో కట్టబడిన చార్మినారు రాతితోడను సున్నముతోడను నిలిచినదే. పోర్ట్‌లాండు సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు లభించినది 1824లో గనుక, మన ప్రాచీన నిర్మాణములన్నియు దాని సహాయము లేకనే నిలిచినవి.

సున్నపు గోడకు రెండు గుణములు కలవు. అది కొంచెము కదలికను సహించును. లోపలి తేమను బయటికి విడుచును. ఈ గుణముల నెరుగనివారు పాత గోడ చెమ్మగిల్లినదని దానిపై దళసరిగా సిమెంటు పూత వేయింతురు. అంతట తేమ బయటికి పోవు దారి మూసికొని, గోడలో ఇంకను పైకి ప్రాకును. తెల్లని ఉప్పు పొరలు పొరలుగా రాలును. ఇట్టి ఇంటిని చూచినవారు "గోడలు పాడైనవి, కూలగొట్టవలసినదే" యని ధర తగ్గింతురు. నిజమునకు పాడైనది గోడ కాదు. దానిపై వేసిన పూత. ఆ పూతను తీసి, గోడను ఆరనిచ్చి, మరల సున్నపు పూత వేయించిన అది చాలకాలము నిలుచును. కన్ను గుర్తింపని విలువకు ఇది మంచి ఉదాహరణము.

చెమ్మ యెచ్చటనుండి వచ్చినదో కనుగొనుట ముఖ్యము. నేలనుండి వచ్చు చెమ్మ సాధారణముగా గోడ క్రిందిభాగమున సుమారు మూడు నాలుగు అడుగుల ఎత్తువరకు వరుసగా కనబడును. గొట్టము కారుటచే వచ్చినది ఒకేచోట మచ్చవలె ఉండును. కప్పునుండి దిగినది పైనుండి క్రిందికి జాలువారిన గుర్తుగా ఉండును. మూడింటికి చికిత్సలు వేరు. గోడపై ఒకే ఎత్తున ఇంటి చుట్టును నీటి గీత కనబడినచో, అది వరద గుర్తు కావచ్చును. 1908 సెప్టెంబరు 28న మూసీనది తెచ్చిన ఉత్పాతము చరిత్ర ప్రసిద్ధము. 2020 అక్టోబరు వర్షములందును నగరమున పెక్కు పల్లపు కాలనీలు నీట మునిగినవి. ఇట్టి చోట క్రొత్త రంగు చూచి మోసపోరాదు. ఇరుగుపొరుగువారిని అడిగి తెలిసికొనవలెను.

పగుళ్ళన్నియు ఒకే జాతివి కావు. పూతయందు మాత్రమే కనబడు వెంట్రుకవంటి గీతలు సామాన్యముగా భయపడవలసినవి కావు. కిటికీ మూలనుండి ఏటవాలుగా బయలుదేరి, ఇటుకల వరుసవెంట మెట్లు మెట్లుగా దిగుచు, ఒక చివర వెడల్పగు పగులు పునాది కదలినదని హెచ్చరించును. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును గనుక, ఆ నేలపై కట్టిన ఇండ్లలో ఈ బాధ యధికము. పగులులోపల దుమ్ము, పాత రంగు నిండియున్నచో అది పాతది, బహుశః శాంతించినది. అంచులు తెల్లగా, పదునుగా ఉన్నచో క్రొత్తది. పగులునకు అడ్డముగా సన్నని గాజుపలకను అతికించి, దానిపై తేదీ వ్రాసి వదలుట ఇంజనీర్ల పాత పద్ధతి. గాజు విరిగినచో గోడ ఇంకను కదలుచున్నదని అర్థము.

3. కప్పు, కలప, నేల

పాత మిద్దెలపై టేకు దూలములు, వాసములు పరచి, వానిపై ఇటుకలను నిలువుగా సున్నముతో పేర్చిన కప్పు కనబడును. దీనిని మద్రాసు టెర్రస్ అందురు. కొన్నింటియందు ఇనుప గడ్డరుల నడుమ ఇటుక కమానులు ఉండును. ఈ కప్పులు గట్టివే. కాని వానిని చెరచునవి రెండు కలవు.

మొదటిది దూలపు చివర. దూలము గోడలోనికి చొచ్చియున్న చోట తేమ నిలుచును. చెదలును అచ్చటనే మొదలగును. దూలము నడుమ ఎంత నునుపుగా ఉన్నను, చివరను దబ్బనముతో పొడిచి చూడవలెను. దబ్బనము సులభముగా దిగినచో ఆ దూలము చివర పుచ్చినదే. టేకు చేవను చెదలు సాధారణముగా తాకవు. చేవ చుట్టు నుండు లేతపొరను మాత్రము తినును. కావున పైపొర పుచ్చినంతమాత్రమున దూలమును పారవేయరాదు.

రెండవది కప్పుపై పెరిగిన బరువు. వాన కారినప్పుడెల్ల పైన మరియొక పొర వేయుట మన వారి అలవాటు. పది సెంటీమీటర్ల మందమున్న సున్నపు కంకరపొర, ఘనపు మీటరుకు 1,800 కిలోగ్రాముల చొప్పున లెక్కించినను, చదరపు మీటరుకు 180 కిలోగ్రాములు తూగును. నూరు చదరపు మీటర్ల మిద్దెపై అది 18 టన్నులు. ఇట్టి పొరలు రెండు మూడు చేరినచో దూలములు వంగుటయందు వింత యేమున్నది? మరమ్మతులో మొదటి పని క్రొత్త పొర వేయుట కాదు. మేస్త్రి సలహాతో అనవసరపు పొరలను దించి, నీరు పారుటకు వాలు కుదుర్చుట.

1970, 1980 దశకములనాటి కాంక్రీటు ఇండ్లకు వ్యాధి వేరు. లోపలి ఇనుప కడ్డీలకు తగినంత కాంక్రీటు కప్పుదల లేనిచోట తుప్పు పట్టును. తుప్పు పట్టిన ఇనుము మునుపటికంటె చాల ఎక్కువ చోటు నాక్రమించును. ఆ ఒత్తిడిచే క్రిందిపూత ఊడిపడును. దానిపై మరల పూత పూసి రంగు వేయుట రోగిని వస్త్రముతో కప్పుటవంటిది. ఇట్టి ఇంటిని ఇంజనీరు చూడనిదే కొనరాదు.

నేలయందు షాబాదు బండలు, తాండూరు బండలు పరచియున్నచో వానిని తీయించి క్రొత్త పలకలు వేయించుటకు తొందరపడరాదు. వానిని కడిగి, అరగదీయించి, మెరుగుపెట్టించిన చాలును. నేలమట్టమును వీధిమట్టముతో పోల్చి చూచుట మాత్రము మరువరాదు. వీధిని మాటిమాటికి పొరలు వేసి ఎత్తుచేయుటచే, ఒకప్పుడు మెట్లెక్కి ప్రవేశించిన ఇంటిలోనికి నేడు మెట్లు దిగి పోవలసివచ్చుచున్నది. అట్టి ఇంటికి వాననీరు అతిథి.

విద్యుత్తు తీగలు, నీటి గొట్టములు, మురుగు కాలువ – ఇవి పాతవైనచో పూర్తిగా మార్పవలసినవే. వీనియందు దాగిన విలువ యేమియు లేదు. దాగిన ఖర్చు మాత్రము కలదు.

4. వెలుతురు, గాలి, దారి

కోస్తా ప్రాంతపు మండువా లోగిలికిని, హైదరాబాదు దేవిడీలోని సహన్‌కును సూత్రము ఒక్కటే. నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి, దాని చుట్టు వసారా లేక దాలాన్, ఆవల గదులు. పగటి వేడిని మందమైన గోడలు ఆపును. ముంగిలినుండి వెలుతురు నాలుగు దిక్కుల గదులకు పోవును. పైనున్న రోషన్‌దాన్‌లనుండి వేడిగాలి వెడలును.

కుటుంబములు పెరిగినకొలది ఈ ముంగిలిపై రేకులు వేసి యొక గదిని చేర్చుట, వసారాకు అడ్డుగోడ కట్టుట జరిగినది. ఒక గది లభించినది. నాలుగు గదులకు చీకటి కలిగినది. కొనువాడు లోనికి వచ్చి పట్టపగలు దీపము వేయవలసిన స్థితి చూచి వెనుకకు మరలును. మరమ్మతుచేయువాడు ఆ రేకులను తీయించి, అడ్డుగోడను తొలగించినచో (అది బరువు మోయు గోడ కాదని ముందు నిర్ధారించుకొని) ఇల్లు తిరిగి ఊపిరి పీల్చును. పాత ఇండ్లయందు విలువ పెంచు పనులు పెక్కు చేర్చుటయందు గాక తొలగించుటయందే కలవు. తొలగించుటకు ఖర్చు తక్కువ. కాని ఏది తొలగింపవలెనో తెలియుటకు విద్య కావలెను.

దారి విషయము నిట్టిదే. మేడపైకి ఇంటి నడుమనుండి మెట్లున్నచో ఆ మేడను అద్దెకిచ్చుట కష్టము. వెలుపలి వైపునుండి మెట్లు పెట్టుటకు స్థలమున్నచో ఒక ఇల్లు రెండు వాటాలగును.

ఈ సందర్భముననే కొన్ని హద్దులను తెలిసికొనవలెను. చార్మినారు, గోలకొండవంటి కేంద్ర రక్షిత కట్టడములకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణము 2010నాటి చట్టసవరణచే నిషిద్ధము. ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతము. మరమ్మతునకు సైతము అనుమతి పొందవలెను. వీధి వెడల్పు ప్రణాళికలో ఇంటి ముందుభాగము పోవునేమో నగరపాలక సంస్థయందు విచారింపవలెను. చౌమహల్లా ప్రాసాదము పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారము లభించినది. పాతదానిని పాతదిగా నిలుపుటయు ఒక గౌరవమని దానివలన తెలియుచున్నది. చిన్న ఇంటికిని ఆ నియమము వర్తించును.

5. కాగితములు

ఇంతవరకు చెప్పినది మేస్త్రి చూచు ఇల్లు. ఇకమీద చెప్పునది వకీలు చూచు ఇల్లు. పాతబస్తీ ఇండ్లయందు ధర తగ్గుటకు గోడలకంటె కాగితములే హెచ్చు కారణము.

మనవారు సాధారణముగా ఇ.సి. యను భార ధ్రువపత్రమును చూచి తృప్తిపడుదురు. అది రిజిస్టరు అయిన వ్యవహారములను మాత్రమే చూపును. రిజిస్టరు కాని హక్కులు పెక్కు కలవు. ముస్లిము ధర్మశాస్త్రము ననుసరించి హిబా, అనగా దానము, ఇచ్చుచున్నానను ప్రకటన, స్వీకారము, స్వాధీనము – ఈ మూడింటితో సంపూర్ణమగును. దానిని కాగితముపై వ్రాసినంతమాత్రమున రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పినది. కావున తండ్రి తన జీవితకాలమునందే కుమార్తెకు ఇంటిని హిబా చేసియున్నను ఇ.సి.లో దాని జాడ కనబడకపోవచ్చును. అదేవిధముగా దస్తావేజులను బ్యాంకునందు కుదువపెట్టుట వాటి నప్పగించినంతమాత్రముననే జరుగవచ్చును. అందుచేత నకళ్ళతో తృప్తిపడక అసలు దస్తావేజులను కంటితో చూడవలెను. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మాత్రము చేతబట్టుకొని అమ్మవచ్చినవానినుండి కొనరాదు. అట్టి విక్రయము హక్కును బదిలీ చేయదని అదే న్యాయస్థానము 2011 అక్టోబరులో తీర్పు చెప్పినది.

వక్ఫ్ ఆస్తిని విక్రయించుట 2013నాటి సవరణచే స్పష్టముగా నిషేధింపబడినది. ఒకప్పుడు వక్ఫ్ అయినది ఎల్లప్పుడును వక్ఫే యని సుప్రీంకోర్టు 1998లో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు వ్యాజ్యమున పలికినది. ఇంటి ప్రక్క మసీదో, దర్గాయో, సమాధులో ఉన్నచో ఈ విషయమును గెజెట్టుతో పోల్చి చూచుట అవసరము. దేశవిభజన పిదప పాకిస్తానునకు తరలిన వారి ఆస్తులను గూర్చి 1968నాటి శత్రు ఆస్తుల చట్టమును, 2017నాటి దాని సవరణను సైతము గమనింపవలెను.

పూర్వపు నిజాం రాజ్యమున వ్రాయబడిన దస్తావేజులు పెక్కు ఉర్దూ భాషయం దున్నవి. బైనామా యనగా విక్రయ దస్తావేజు. తక్సీంనామా యనగా భాగపత్రము. రహన్‌నామా యనగా తాకట్టు పత్రము. హుదూదె అర్బా యనగా చతుర్హద్దులు. సంవత్సరములు ఫసలీలో ఉండును. హైదరాబాదు ఫసలీకి 590 కలిపినచో ఆ సంవత్సరము ప్రారంభమైన క్రీస్తు శకము వచ్చును. 1340 ఫసలీ యనగా 1930 అక్టోబరునుండి 1931 వరకు గల కాలము. ఈ లిపిని చదువలేనివారు పాత కాగితమును పనికిరానిదని మూలనుంచి, ఇంటికి ఆధారములు లేవని భావింతురు. కొనువారును అట్లే భావించి ధర తగ్గింతురు. వాస్తవమునకు ఆ కాగితముననే చతుర్హద్దులు, గజములు, వెనుకటి యజమానుల వరుస స్పష్టముగా ఉండవచ్చును. మన విద్యార్థులకు గల యోగ్యత ఇదియే. రెండు భాషలు వచ్చినవాడు ఆ పత్రమును చదివి, తెలుగున వ్రాసి, వకీలునకు అప్పగింపగలడు.

వారసుల విషయము అన్నింటికంటె బరువైనది. ఒక యజమాని భార్యను, ఒక కుమారుని, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించెననుకొందము. తల్లిదండ్రులు లేరు. హనఫీ ధర్మశాస్త్రము ప్రకారము భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలినదానిని కుమారునికి రెండు, కుమార్తెకు ఒకటి చొప్పున పంచవలెను. ఇంటిని 32 భాగములు చేసిన భార్యకు 4, కుమారునికి 14, ఒక్కొక్క కుమార్తెకు 7 వచ్చును. ఇల్లు 60 లక్షలకు అమ్ముడుపోయినచో తల్లికి 7,50,000 రూపాయలు, కుమారునికి 26,25,000, ఒక్కొక్క కుమార్తెకు 13,12,500 చెందును. అనగా కుమారుడొక్కడు సంతకము చేసిన దస్తావేజు ఇంటిలో సగమునైనను పూర్తిగా ఇయ్యజాలదు. హిందూ కుటుంబములందు ఉమ్మడి ఆస్తియందు ఆంధ్రప్రదేశమున అప్పటికి అవివాహితలైన కుమార్తెలకు 1986నాటి సవరణచేతను, దేశమంతట కుమార్తెలకు 2005నాటి సవరణచేతను కుమారులతో సమానమైన హక్కు లభించినది. ఈ హక్కు జన్మచే వచ్చునని సుప్రీంకోర్టు 2020లో స్పష్టపరచినది.

ఇచ్చట రెండు మార్గములు కలవు. "చెల్లెండ్రు అడుగరులే, ఎక్కడనో కాపురము చేసికొనుచున్నారు" అను మాట నమ్మి 60 లక్షల ఇంటిని 45 లక్షలకు కొనుట ఒక మార్గము. మిగిలిన 15 లక్షలు దాగిన విలువ కాదు. ఆ చెల్లెండ్ర సొమ్ము. అందరు వారసులను కూర్చుండబెట్టి, పత్రమును చదివి వినిపించి, ఎవరి భాగము వారికి వారి పేరనే చెల్లించి, అందరి సంతకములతో రిజిస్టరు చేయించుట రెండవ మార్గము. ముడిపడిన ఇంటిని విప్పినవాడు నిజముగా విలువను సృష్టించినవాడు. అతనికి వచ్చు లాభము న్యాయమైనది.

6. లెక్క

క్రింది అంకెలు బోధనకొరకు ఊహించినవి. ఒక ఇంటిని 60 లక్షలకు కొని, 9 లక్షలతో బాగుచేసి, 85 లక్షలకు అమ్మినచో 16 లక్షలు లాభమని పైకి తోచును. ఇప్పుడు విడిచిపెట్టినవానిని చేర్చుదము.

కొనుగోలు ధర 60,00,000.
స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు నూటికి ఏడున్నర చొప్పున 4,50,000.
మరమ్మతు 9,00,000.
అనుకోని మరమ్మతు, దానిలో అయిదవ వంతు, 1,80,000.
నూటికి 12 చొప్పున 10 నెలల వడ్డీ 6,00,000.
కొనునప్పుడు మధ్యవర్తికి నూటికి ఒకటి 60,000.
అమ్మునప్పుడు అదే చొప్పున 85,000.

మొత్తము 82,75,000. మిగిలినది 2,25,000 మాత్రమే. ఇంకను ఆదాయపు పన్ను కలదు. ఇంటిని 24 నెలలకు మించి ఉంచుకొననిచో ఆ లాభము సాధారణ ఆదాయముతో చేరును. దీనినే వృత్తిగా చేయువారికి అది వ్యాపార ఆదాయమగును.

మరి యొక వారసుడు అభ్యంతరము తెలుపుటచే అమ్మకము నాలుగు నెలలు ఆగినదనుకొందము. వడ్డీ 2,40,000 పెరిగి, లాభము పోయి 15,000 నష్టము వచ్చును. గోడలు బాగుండియు, కప్పు బాగుండియు, ఒక్క సంతకము లేనందున శ్రమ యంతయు వృథా. వారసులకు న్యాయము చేయుట ధర్మమే గాక గణితమును కూడ అని ఈ లెక్క చెప్పుచున్నది.

కావున కొనదగిన ధరను వెనుకనుండి లెక్కింపవలెను. బాగుచేసిన పిదప అదే వీధిలో వచ్చు ధరనుండి ఖర్చులన్నియు, తన శ్రమకు తగిన ప్రతిఫలమును తీసివేసి, మిగిలినదే తానీయగల ధర. బయానా ఇచ్చుటకు ముందే ఈ లెక్క పూర్తికావలెను.

7. చట్టము పలుకునది

1882నాటి ఆస్తి బదలాయింపు చట్టమునందు 55వ సెక్షను ఈ వ్యవహారమునకు అద్దము. విరుద్ధమైన ఒప్పందము లేనిచోట, సామాన్య జాగ్రత్తతో కొనువానికి కనబడని ముఖ్యమైన లోపమును తానెరిగియున్న అమ్మకందారు చెప్పవలెను. ఇది చాలమందికి తెలిసినదే. అదే సెక్షను కొనువానిపై సైతము ఒక బాధ్యత నుంచినదని తెలిసినవారు తక్కువ. అమ్మువాని హక్కు స్వభావమును, విస్తీర్ణమును గూర్చి అతనికి తెలియని సంగతి కొనువానికి తెలిసియుండి, అది ఆ హక్కు విలువను గణనీయముగా పెంచునదైనచో, దానిని అమ్మువానికి చెప్పవలెను. ఈ రెండింటిలో దేనిని దాచినను అది మోసమని ఆ సెక్షనే పలుకుచున్నది.

పై ఉదాహరణమును మరల తలచుకొందము. పాత ఉర్దూ బైనామాలో వెనుకటి ఖాళీస్థలము 80 గజములు సైతము ఈ ఇంటికే చెందునని కొనువాడు చదివెను. ఇంటి యజమానురాలు చదువలేదు. ఆ సంగతిని దాచి కొనుట చట్టరీత్యా మోసము. ఆమె రంగు క్రింద టేకు ఉన్నదని ఎరుగనిచో మాత్రము చట్టము సామాన్యముగా కొనువానిని నిర్బంధింపదు; అది వస్తువు గుణము గాని హక్కు కాదు. పరీక్షించి తెలిసికొన్న జ్ఞానమునకు ప్రతిఫలము పొందుట తప్పు కాదు.

అయినను చట్టము ఆగినచోట వివేకము ఆగరాదు. ఇట్టి ఇండ్లను అమ్మువారు తరచుగా అవసరమునకు లోబడినవారు. బిడ్డ వివాహమో, వైద్యమో, భర్తృవియోగమో వారిని తొందరపెట్టుచుండును. సలహా చెప్పు దిక్కులేని అట్టివారితో వ్యవహరించునప్పుడు "ఇంకొకరితో వెల కట్టించుకొనుడు" అని చెప్పుట మేలని మేము భావింతుము. ఆ మాట చెప్పియు మిగులు లాభమే నిలుచు లాభము.

తిరిగి అమ్మునప్పుడు తానే అమ్మకందారు గనుక మొదటి బాధ్యత తనపై పడును. చెమ్మను రంగుతో కప్పరాదు. ఏ గోడకు ఏమి చేసినదియు, ఏ దూలము మార్చినదియు, తీగలెప్పుడు వేసినదియు, ఛాయాచిత్రములతో, బిల్లులతో ఒక ఫైలుగా కొనువానికి ఇయ్యవలెను. అడుగకయే లోపమును చెప్పినవాని మాటపై కొనువానికి నమ్మకము కలుగును. ఆ నమ్మకమునకును వెల యున్నది.

8. ముగింపు

పై పరిశీలనవలన తేలినది స్వల్పము. పాత ఇంటియందు విద్యచే కనుగొన్న విలువ కొనువానిది. శ్రమచే విడిపించిన విలువయు అతనిదే. ఇతరుల భాగమును మరుగుపరచుటచే కనబడునది ఎవనికిని నిలువదు. వ్యాపారమున ఈ మూడింటిని ఒక్కటిగా కలిపి "లాభము" అను ఒక్క పేరు పెట్టుటచేతనే తగవులు పుట్టుచున్నవి.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. సెలవు దినములలో విద్యార్థులు చిన్న బృందములుగా ఏర్పడి, ఇంటివారి అనుమతితో, మన చుట్టునున్న పాత ఇండ్లలో ఒకటి రెంటిని కొలిచి, పటము గీచి, పగుళ్ళను చెమ్మను గుర్తించి వ్రాయవచ్చును. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి పాత దస్తావేజుల పదములకు ఒక చిన్న పట్టికను సిద్ధపరుపవచ్చును. వాణిజ్య విద్యార్థులు పైన చూపినట్టి లెక్కను తమ వీధి ధరలతో వేసి చూడవచ్చును. దీనికి ధనము స్వల్పము చాలును. సున్నపు పని తెలిసిన వృద్ధ మేస్త్రిని ఒక మధ్యాహ్నము పిలిచి మాటలాడించిన, పుస్తకములందు దొరకని పాఠములు దొరకును.

మన విద్యార్థులలో పెక్కుమంది ఇట్టి ఇండ్లలోనే పుట్టి పెరిగినవారు. ఆ ఇంటి కాగితము లెక్కడ నున్నవో, అందెవరి భాగమెంతయో, కప్పుపై ఎన్ని పొరలున్నవో వారు తెలిసికొన్నచో, అమ్మవలసివచ్చినను అమ్మకయే నిలుపుకొనవలసివచ్చినను ఇతరుల మాటపై ఆధారపడవలసిన పని యుండదు. ఈ వ్యాసము ఆ విచారణకు కొంత తోడ్పడినచో మా శ్రమ ఫలించినట్లే.